పదో స్క్రూ

దుబాయ్ నుంచి అరుణ్ తెచ్చిన పల్చటి లాప్‌టాప్‌కు మూత కీలు ఊడిపోతే మందమర్రిలో ముత్తయ్యే బాగు చేశాడు. రెండు రోజులు మంచిగానే నడిచింది. మూడో రోజు అరుణ్ భార్య కోమల బటన్ నొక్కితే లేవలేదు. శనివారం ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కింది. అక్కడ సర్వీసు సెంటర్లో టై కట్టుకున్న మనిషి పావుగంట చూసి, బోర్డు పోయింది, లోపలున్నవి ఇక రావు, కొత్తది కొనుక్కోండి అని చెప్పి పంపాడు. ఆదివారం పొద్దున్నే కోమల ముత్తయ్య దుకాణం మెట్లెక్కి, లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, "పెద్దబాపూ, గిది ఎవలి తప్పో నువ్వే చెప్పు," అన్నది. పోయిన వారం మనం ఆమెను అక్కడే నిలబెట్టి వచ్చాం.

ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ముత్తయ్య వెంటనే ఏమీ అనలేదు. ఆయన ఏ మాటకూ వెంటనే ఏమీ అనడు. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. కింద మిషన్ల మోతలో ఎంత మాట్లాడినా వినపడదు కాబట్టి ఆయనకు మాట అలవాటు తప్పిందని భార్య లస్మవ్వ అంటుంది. పెండ్లినాడు కూడా అంతేనని ఆవిడే అంటుంది.

"కూసో," అన్నాడు.

"కూసోను. ముందు చెప్పు."

"కూసోవే బిడ్డా," అంటూ లస్మవ్వ లోపలి నుంచి చాయ్ తెచ్చింది. "ఆయన చెప్పేదాక నిలవడితే నీ కాళ్లల్ల నీళ్లు దిగుతయి. ముందుగాల చాయ్ తాగు."

కోమల కూర్చుంది. ఆమె తండ్రి మొండయ్య, ముత్తయ్య ఒకే బాయిలో ఒకే షిఫ్టులో దిగినవాళ్లు. లాగు తొడగని వయసు నుంచి ఆమె ఈ ఇంట్లో చాయ్ తాగుతోంది. కోపమొచ్చినా చాయ్ వద్దనడం ఆమెకు రాదు.

ముత్తయ్య దుకాణమంటే ఇంటి ముందరి గదే. పేరు రాసిన బోర్డు లేదు. మొదట్లో రేడియోలు వచ్చేవి. తర్వాత టీవీలు, మిక్సీలు. ఇప్పుడు లాప్‌టాప్‌లు. అరల్లో పాత నల్లటివి ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మీద ఆయనకు ప్రేమ. చిన్న కొక్కెం జరిపితే బ్యాటరీ చేతికొస్తుంది. రెండు స్క్రూలు తీస్తే డిస్కు చేతికొస్తుంది. ఏది చెడితే అది మార్చుకోవచ్చు. ఎప్పుడో ఒకప్పుడు ఇంకొకడు దీన్ని విప్పుతాడని తెలిసినవాడు చేసిన మిషన్లు అవి. కొత్తవి అట్లా కాదు. బ్యాటరీని బంకతో అతికిస్తారు. డిస్కు అని వేరే ఉండదు, దాచుకున్నదంతా బోర్డుకే టంకం వేసిన చిప్పులో ఉంటుంది. కీలును పల్చటి ప్లాస్టిక్‌లో దిగేస్తారు, ఏడాది పాటు మూత తెరిచి మూస్తే ఆ ప్లాస్టిక్కే పగులుతుంది. "గీటికి బరువు లేదు, బలం లేదు," అని ముత్తయ్య ఒకసారి అన్నాడు. ఆయన అన్నాడు కాబట్టి ఆ మాటను లస్మవ్వ మార్కెట్ అంతా తిరిగి చెప్పింది.

కోమలకూ అలాంటి పాతది ఒకటి ఉండేది. ఆరేళ్లలో ఏడుసార్లు ముత్తయ్య బల్ల మీదికి వచ్చింది, ఏడుసార్లూ లేచి వెళ్లింది. దాని మీటల్లో ఒకటి వేరే మిషన్‌ది, రంగు కూడా వేరు. కొత్తది రాగానే కోమల అందులోవన్నీ ఇందులోకి మార్చుకుని, పాతదాన్ని పూర్తిగా తుడిచి ఆడబిడ్డ చదువుకు ఇచ్చేసింది.

అక్కడే చిక్కొచ్చింది. ఆమెది జాకెట్ల మీద ఎంబ్రాయిడరీ పని. ఏడేళ్లు మగ్గం మీద చేత్తో కుట్టింది. మూడేళ్ల కింద కంప్యూటర్ మిషన్ పెట్టింది. లాప్‌టాప్‌లో బొమ్మ గీస్తే ఆ మిషన్ దాన్ని దారంతో కుడుతుంది. బజార్లో అందరూ దొరికే నెమళ్లే, దొరికే కలశాలే కుడుతుంటే కోమల తనవి తానే గీసుకుంది. మూడేళ్లలో రెండు వందల పైచిలుకు. అవి చూసే జమ్మికుంట నుంచి బాలకిషన్‌రావు గారింటివాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. పత్తి పండించి బాగుపడ్డ ఇల్లు. పెండ్లికూతురి జాకెట్టు అంచుకు పగిలి విచ్చుకున్న పత్తికాయలు కావాలన్నారు. కోమల పంతొమ్మిది రోజులు గీసింది. పెండ్లి ఇక తొమ్మిది రోజులుంది. పద్నాలుగు జాకెట్లలో ఒక్కటీ కుట్టలేదు. గీసినవన్నీ లేవకుండా పడున్న ఆ లాప్‌టాప్ కడుపులో ఉన్నాయి.

"ఎవలి తప్పని అడుగుతవేందే," అన్నది లస్మవ్వ, గ్లాసు చేతికిస్తూ. "కంపెనోని తప్పు. గిది లాప్‌టాపా, అప్పడమా? మొన్న దుమ్ము తుడుద్దామని ఒక్క చేత్తోని పట్టుకుంటే వంగింది. నా సేతిల ఇరుగుతదేమోనని మెల్లగ కింద వెట్టి దండం వెట్టిన."

"నేను గదే అన్న పెద్దవ్వా అరుణ్‌తోని. గంత దూరం వోయి గీ తుక్కు ఏరుకొచ్చినవా అన్న."

"గట్లన్నవా?"

"అన్న. ఏం మాట్లాడకుంట ఫోను వెట్టేసిండు. నాలుగొద్దులైంది. ఇప్పుడు ఆయన చేస్తుండు, నేను ఎత్తుతలేను."

ముత్తయ్య తల ఎత్తి కోమలను చూశాడు. మళ్లీ దించుకున్నాడు. పాత క్యాలెండర్ కాగితం ఒకటి తిప్పి పరిచి, పెన్సిల్‌తో లాప్‌టాప్ చుట్టూ గీత గీశాడు. ఒక్కో స్క్రూ తీసి, అది మిషన్‌లో ఎక్కడ ఉందో కాగితం మీద అక్కడే పెట్టడం ఆయన పద్ధతి. కలపడం, డబ్బాలో పోయడం ఉండదు. ఒకటి, రెండు అని పెదవులు కదిలాయి. తొమ్మిది దాకా కదిలాయి.

పదో స్క్రూ దగ్గర చెయ్యి ఆగింది.

అది కీలు పక్కన ఉంది. తల కొంచెం నలుపు. మిగతా తొమ్మిదీ వెండిలా మెరుస్తున్నాయి. ముత్తయ్య దాన్ని మెల్లగా తిప్పాడు. తిప్పుతున్నకొద్దీ వచ్చింది. వడ్లగింజలో సగమంత పొడుగు ఎక్కువగా వచ్చింది. అరచేతిలో వేసుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఆ స్క్రూ కంపెనీది కాదు. ఆయనదే.

ఇది ఎట్లా జరిగిందో చెప్పాలంటే బాయి కిందికి పోవాలి. బొగ్గుబాయిలో గ్యాసు ఉంటుంది. కింద వాడే స్విచ్చు డబ్బాలో నిప్పురవ్వ పుట్టక మానదు. ఆ రవ్వ బయటికి రాకుండా డబ్బాను మందపాటి ఇనుముతో చేసి, మూత చుట్టూ బోల్టులు బిగిస్తారు. పన్నెండు బెజ్జాలుంటే పన్నెండు బోల్టులుండాలి. పదకొండు ఉంటే ఆ డబ్బాకు కరెంటు ఇయ్యరు. ముత్తయ్య పనిలో చేరిన మొదటి నెలలోనే, ఒక బోల్టు దొరకక వదిలేస్తే పెద్ద ఎలక్ట్రీషియన్ ఆయన్ను అందరి ముందూ నిలబెట్టి, "గా ఒక్క బెజ్జంల నుంచి ఎంతమంది పీనుగులు బయటికొస్తయో ఎరుకనారా?" అని అడిగాడు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లలో ఆయన చెయ్యి ఖాళీ బెజ్జంతో ఏ మూతా మూయలేదు.

కీలు బాగు చేసిన రోజు ఈ లాప్‌టాప్ అడుగు మూతకు ఒక బెజ్జం ఖాళీగా కనిపించింది. కంపెనీవాళ్లు ఒకే మూతను రెండు రకాల మిషన్లకు వాడుతారు. ఒకదాంట్లో అక్కడ స్క్రూ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ముత్తయ్యకు ఆ సంగతి తెలుసు. తెలిసినా చెయ్యి ఊరుకోలేదు. స్క్రూల డబ్బా బోర్లించి పది నిమిషాలు వెతికాడు. మర సరిపోయే స్క్రూ ఒకటి దొరికింది. బిగించాడు. ఆ పూట అన్నం కూడా ఇష్టంగా తిన్నాడు.

ఇప్పుడు బ్యాటరీ తీగ ఊడదీసి, బోర్డు విప్పి, భూతద్దం కింద పెట్టాడు. స్క్రూ మొన తగిలిన చోట ఆకుపచ్చ పూత గీరుకుపోయి ఉంది. కింద రాగి గీత ఒకటి తెగి ఉంది. మూత తెరిచి మూసినప్పుడల్లా ఆ మొన అక్కడ రాసుకుంది. రెండు రోజులు రాసుకుని మూడో రోజు తెంపింది. చుట్టూ సన్నటి రాగి పొడి మెరుస్తోంది.

"దొరికిందా?" అన్నది కోమల.

ముత్తయ్య స్క్రూను మళ్లీ అరచేతిలోకి తీసుకున్నాడు.

"దొరకకేం," అన్నది లస్మవ్వ. "కంపెనోడు ఏడనో ఇంత మట్టి వెట్టి ఉంటడు. నువ్వేం ఫికర్ చెయ్యకు. మీ పెద్దబాపు ఒక్కసారి జెప్పిండంటే జెప్పినట్టే. అరుణ్‌కు చెప్పు, గా కంపెనోని మీద పోట్లాటకు వొమ్మను."

ఎంత సులువుగా ఉందో ముత్తయ్యకు తెలిసింది. అవునని తలూపితే చాలు. కొత్త మిషన్లు బలం లేనివని మందమర్రిలో అందరికన్నా ముందు అన్నది ఆయనే. కీలు ఊడింది వాళ్ల తప్పు వల్లే, అందులో అబద్ధం లేదు. దాని పక్కన ఇంకొక తప్పును పెడితే ఎవరూ వేరు చేసి చూడరు. కరీంనగర్‌లో టై కట్టుకున్న మనిషి కూడా చూడలేదు. అరచేతిలో ఉన్న స్క్రూ జేబులో వేసుకుంటే అయిపోతుంది.

బల్ల మీద కోమల ఫోను మోగింది. వీడియో కాల్. అరుణ్ మొఖం గుండ్రంగా వెలిగింది. కోమల దాన్ని బోర్లా పెట్టింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"ఇటియ్యి," అన్నాడు ముత్తయ్య.

"ఏంది?"

"ఫోను ఇటియ్యి."

లస్మవ్వ నోట్లో చాయ్ గుటక అక్కడే ఆగింది. ఈ మనిషి ఫోనులో మాట్లాడగా ఆమె చూడలేదు. ఆయన తమ్ముడు చనిపోయాడని ఫోనొస్తే కూడా ఆమె చేతికే ఇచ్చి పక్కన నిలబడ్డాడు.

ముత్తయ్య ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు. అందులో ఆయన నుదురూ, పైన తిరుగుతున్న ఫ్యానూ మాత్రమే అరుణ్‌కు కనిపిస్తున్నాయి.

"అల్లుడా."

"మామా? నువ్వా?" అరుణ్ దుబాయ్‌లో పనివాళ్ల క్యాంపు గదిలో, మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఏమైంది మామా? కోమల ఏది? పానం మంచిగనే ఉన్నదా?"

"ఈడనే ఉన్నది. మంచిగనే ఉన్నది. ఇను." ముత్తయ్య గొంతు సవరించుకున్నాడు. "నువ్వు తెచ్చినది తుక్కు గాదు. కీలు కంపెనోని తప్పు. బోర్డు నా తప్పు. ఖాళీ బెజ్జం జూసి నేనే స్క్రూ వెట్టిన. పొడుగైంది. బోర్డుల దిగింది. నువ్వు మాట వడేటిది లేదు."

అన్నీ కలిపితే ఆయన ఒక వారంలో మాట్లాడేన్ని మాటలు. ఫోనును చాయ్ గ్లాసుకు ఆనించి నిలబెట్టి, స్క్రూను కోమల ముందు కాగితం మీద పెట్టాడు.

లస్మవ్వ కూడా మాట్లాడలేదు. ఆ ఇంట్లో అది పెద్ద సంగతే.

కోమల స్క్రూను రెండు వేళ్లతో ఎత్తింది. "గిదా?"

"గిదే."

"గింతదా?"

"గింతదే."

"నేను నిన్న కరీంనగర్ల ఆ టై మనిషి ముంగట ఏం చెప్పిన్నో ఎరుకనా పెద్దబాపూ?" ఆమె గొంతు పైకి లేచింది. "మా పెద్దబాపు చెయ్యి వడితే సచ్చిన మిషన్ గూడ లేస్తది, మీరు సరిగ్గ చూస్తలేరు అని చెప్పిన. పది మంది ఇన్నరు. ఆయన నవ్విండు. నేను కొట్లాడి వచ్చిన. నీ కోసం కొట్లాడి వచ్చిన!"

ముత్తయ్య తల దించుకున్నాడు. "నవ్వనియ్యి," అన్నాడు.

"నవ్వనియ్యా? మూడేండ్లు గీసిన. కండ్లు గుంజంగ గీసిన. తొమ్మిదొద్దుల్ల పెండ్లి. జమ్మికుంటోళ్లకు నేనేం మొఖం జూపెట్టాలె?"

"కోమలా," అన్నాడు అరుణ్ గ్లాసు దగ్గర నుంచి. "పెద్దమనిషిని గట్లనకు. చెప్పకుంటే ఎవలికి తెలుస్తుండె?"

"నువ్వు నడుమల రాకు! నీకేం తెలుసు, ఆడ సల్లగ కూసోని..." అని ఆగిపోయింది. నాలుగు రోజుల తర్వాత మొగుడితో మాట్లాడుతున్నానని అప్పుడు తోచింది.

"మాటలు కలిసినయ్ తియ్యి," అన్నది లస్మవ్వ.

కోమలకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కొంగుతో మొఖమంతా తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం చాలాసేపు సాగింది. కొంగు తీశాక కండ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు దిగింది.

"పెద్దబాపూ. నువ్వు నా దిక్కు చూడకుంట ఆయనకెందుకు చెప్పినవ్ ముందు?"

"తుక్కు తెచ్చినవన్నది ఆయన్నే గదా," అన్నాడు ముత్తయ్య.

ఆమె స్క్రూను కాగితం మీద, అది ఉండాల్సిన చోట, జాగ్రత్తగా పెట్టింది. "సరే. అయిందేదో అయింది. నావి వస్తయా రావా? అది చెప్పు."

"పాతదైతే డిస్కు గుంజి వేరే మిషన్ల వెడుదుము. దీంట్ల గుంజ రాదు. బోర్డు లేస్తెనే వస్తయి." బోర్డును ఆమె వైపు తిప్పి, పెన్సిల్ మొనతో చూపించాడు. "తెగింది ఒక్క గీత. దాని మీదికెల్లి తీగ వేస్తే లెవ్వచ్చు."

"వెయ్యి మరి."

ముత్తయ్య తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. వేళ్లు లావుగా, చివర్లు బండబారి ఉన్నాయి. చూస్తుండగానే చూపుడువేలు సన్నగా వణికింది. కీళ్లు బిగించడానికి, మీటలు మార్చడానికి ఆ వణుకు అడ్డురాదు. ఇది వేరు. వెంట్రుకను నాలుగు చేస్తే ఒక పాయ ఎంతో, తీగ అంత ఉండాలి. ఆయన ఆ చెయ్యిని అట్లా ముందు పెట్టి చూపించడం లస్మవ్వ కూడా ఇదే మొదటిసారి చూడటం. ఆవిడ మొఖం తిప్పుకుంది.

కోమల ఆ చెయ్యిని చూసింది. తర్వాత తన చెయ్యిని చూసుకుంది.

"నాకియ్యి," అన్నది.

"నీకు టంకం రాదు."

"నీకు తీగ కుదురుతలేదు. ఏడేండ్లు మగ్గం మీద ఆరీ సూదితోని పనిజేసిన. ఆవగింజలో సగముంటయ్ పూసలు, చీకట్ల గూడ ఎక్కిస్త. నువ్వు చెప్పు, నేను పెడ్త."

"కోమలా, జర ఆలోచన చేస్కో," అన్నాడు అరుణ్. "తప్పిందంటే..."

"తప్పితే ఇప్పుడున్నదేంది చేతిల?"

ముత్తయ్య లేచి తన కుర్చీని ఆమెకు వదిలాడు. ఇరవై ఏళ్లలో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోలేదు.

తర్వాత గంటసేపు మందమర్రిలో ఎవరైనా ఆ గదిలోకి తొంగిచూస్తే ముత్తయ్యను గుర్తుపట్టేవాళ్లు కారు. మాట్లాడుతూనే ఉన్నాడు. రాగి పొడిని మెత్తటి కుంచెతో ఎట్లా దులపాలో చెప్పాడు. గీత రెండు చివర్లా ఆకుపచ్చ పూతను గోరంత మేర ఎట్లా గీకాలో చెప్పాడు. పాత రేడియో చుట్టలోంచి తీగ విప్పి ఇచ్చాడు. "ఒత్తకు. ముట్టిచ్చి తియ్యి. ఊదకు, ఊదితే తడి తగుల్తది. ఊపిరి లోపట్నే పట్టుకో." లస్మవ్వ ఫోను టార్చి పట్టుకుంది. చెయ్యి నొప్పి పుడుతోందని రెండుసార్లు అన్నది, మూడోసారి అనలేదు. గ్లాసుకు ఆనుకున్న ఫోనులో అరుణ్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

మొదటిసారి తీగ అంటలేదు. టంకం చిన్న బుడిపెలా లేచి పక్కకు జారింది. కోమల "అయ్యో" అనబోయి మింగింది.

"ఫికర్ లేదు," అన్నాడు ముత్తయ్య. "నా మొదటిది నా చెప్పు మీద వడ్డది."

రెండోసారి ఆమె ఊపిరి బిగబట్టింది. మగ్గం ముందు కూర్చున్నప్పటిలాగే నాలుక కొస పంటి కింద పెట్టుకుంది. సూది మొనలాంటి టంకం కడ్డీ తగిలింది, లేచింది. తీగ ఒక చివర కూర్చుంది. మళ్లీ తగిలింది, లేచింది. రెండో చివర కూడా కూర్చుంది. ముత్తయ్య భూతద్దంలో వంగి చాలాసేపు చూశాడు. ఎంతసేపంటే లస్మవ్వ, "ఉన్నదా పోయిందా చెప్పరాదు, పానం తీస్తుండు ఈ మనిషి," అన్నది.

"నాకంటె మంచిగ వెట్టింది," అన్నాడు.

బోర్డును మెల్లగా మళ్లీ గూట్లో దింపాడు. బ్యాటరీ తీగ కలిపాడు. అడుగు మూత పెట్టలేదు. చార్జరు గుచ్చి, "ఒత్తు," అన్నాడు.

కోమల బటన్ ఒత్తింది.

ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు. తర్వాత పక్కన చిన్న తెల్ల లైటు వెలిగింది. లోపల ఫ్యాను ఒక్కసారి దగ్గినట్టు కదిలి, సన్నగా తిరగడం మొదలుపెట్టింది.

"లేసింది!" లస్మవ్వ కేకకు ఎదురింటి మేక అదిరి లేచింది. "లేసిందే! ఓ అరుణూ, నీ పెండ్లాం లేపింది!"

అరుణ్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని నవ్వుతున్నాడు. కోమల ముత్తయ్య చెయ్యి పట్టుకుంది. వణికే వేలితో సహా గట్టిగా పట్టుకుని వదల్లేదు. ఆయన నవ్వాడు, గుంజుకోలేదు.

తెర వెలిగింది. నీలంగా వెలిగింది. పత్తికాయలు రాలేదు, నెమళ్లు రాలేదు. తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు, కింద ఖాళీ గడి ఒకటి.

"గిదేంది?" అన్నది కోమల.

ముత్తయ్య నవ్వు ఆగిపోయింది. ఇలాంటి తెరను ఆయన ఇంతకు ముందు రెండు మిషన్లలో చూశాడు. "చాబీ అడుగుతున్నది. బోర్డు సచ్చి లేసింది గదా. దొంగ చేతిల వడ్డనేమో అనుకుంటది. నలభై ఎనిమిది అంకెలు కొడ్తెనే లోపలికి రానిస్తది."

"ఏం అంకెలు? నాకెవలు చెప్పలే."

"మొదటిసారి మిషన్ తెరిచినప్పుడు ఎవల మెయిల్ వెట్టిన్రో ఆళ్ల కాడికి వోతయి అంకెలు." ఆయన ఫోను వైపు తిరిగాడు. "అల్లుడా. ఎవలిది వెట్టినవ్?"

అరుణ్ తల మీది నుంచి చేతులు దించాడు. నవ్వు ఇంకా మొఖం మీదే ఉంది గానీ కండ్లలో లేదు.

"నాది గాదు మామా. అంబదాస్‌ది."

"అంబదాస్ ఎవలు?" అన్నది కోమల.

"గదే, నా గదిల ఉంటుండె. ఆదిలాబాద్ దిక్కు, బేల కాడ పల్లె. ఆర్నెల్ల కిందట ఊరికి వోయిండు. ఇగ రాలే." గడ్డం రుద్దుకున్నాడు. "వేరే తొవ్వ లేదా మామా? అంకెలు లేకుంట?"

"లేదు."

"నేను చేస్తే ఎత్తడు."

"నంబర్ చెప్పు. నేను చేస్త."

అరుణ్ మొదటి ఐదంకెలు చెప్పి ఆగాడు. ముత్తయ్య ఇంట్లో ఉండే పాత మీటల ఫోను పట్టుకుని ఎదురుచూశాడు. తొందరపెట్టలేదు. చివరికి మిగతా ఐదూ వచ్చాయి. లస్మవ్వ స్పీకరు నొక్కింది. అవతల చాలాసేపు మోగి, ఒక ఆడగొంతు పలికింది. పెద్ద వయసు గొంతు.

"హలో, కోణ్? ఎవలు?"

"మందమర్రి నుంచి, అవ్వా. ముత్తయ్యను. అంబదాస్ ఉన్నడా?"

"చేనుకు వోయిండు. నేను వాని తల్లిని, జానకీబాయిని. మందమర్రిల మాకెవలు లేరు గదా."

"అరుణ్ తెలుసునా? ఆయన మామ లెక్క నేను."

అవతల కోడి ఒకటి అరుస్తోంది. ఎవరో బిందె దించిన చప్పుడు. ఫోను కట్ అయిందేమోనని ముత్తయ్య చూసుకున్నాడు.

"లాప్‌టాప్ అంకెల కోసమేనా?" అన్నదామె చివరికి.

కోమల ఉలిక్కిపడింది. ముత్తయ్య, "నీకెట్లెరుక?" అన్నాడు.

"హో, ఎరుకే. ఏదో ఓ రోజు అది చాబీ అడుగుతది, గప్పుడు ఫోనొస్తది అని నా కొడుకు వచ్చిన నాడే చెప్పిండు. వాని ఫోన్ల ఉన్నయి అంకెలు. నేను ఇయ్యమంటె ఇస్తడు."

"ఇయ్యమను, అవ్వా. ఆడివిల్ల మూడేండ్ల కష్టం ఉన్నది దాంట్ల. తొమ్మిదొద్దుల్ల ఒకలింట్ల పెండ్లి. ఆలస్యమైతే పిల్ల మాట వోతది."

"ఆడివిల్ల కష్టమా?" జానకీబాయి గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఇస్త, అన్నా. ఎందుకియ్యను? సాయంత్రం వాడు రాంగనే చెప్పిస్త. ఆ పిల్ల ఏం పాపం జేసింది. కానీ నాకు ఒక్కటి గావాలె. ఆ మిషన్ మీ ఇంటికి ఎట్లచ్చిందో మీ అల్లుణ్ణి తన పెండ్లానికి చెప్పుమను. తన నోటితోని. నేను ఇంటుండంగ."

ముత్తయ్య ఫోనును బల్ల మీద పెట్టాడు. ముగ్గురి కండ్లూ చాయ్ గ్లాసుకు ఆనుకుని ఉన్న తెర వైపు తిరిగాయి.

అక్కడ మంచం ఖాళీగా ఉంది. అరుణ్ లేచి వెళ్లి గది తలుపు లోపల గడియ పెడుతున్నాడు. తిరిగొచ్చి కూర్చుని, ఫోనును దగ్గరికి తీసుకున్నాడు. మొఖమంతా తెర నిండా వచ్చింది. లస్మవ్వను చూడలేదు. ముత్తయ్యను చూడలేదు.

"కోమలా," అన్నాడు. "ఆ లాప్‌టాప్ నేను కొనలే."